ఆరు బోగీల దూరంలో జెండా

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు దూరాల లెక్క కొత్తగా నేర్పనక్కర్లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు ఆ 1,072 మీటర్ల ప్లాట్‌ఫాం ఇంటి ముంగిలి లాంటిది. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని మించేదాకా ప్రపంచంలో అదే పొడవైనదని పేరు. గోల్ఫ్‌నూ ఆ కొలతతోనే చూడండి. జెండా 150 గజాల్లో ఉందంటే ఆరు బోగీల పొడవు. ఆ చివర గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు.

అక్కడి నుంచి బంతిని గ్రీన్ మీదికి, అంటే గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక మీదికి, చేర్చే దెబ్బే అప్రోచ్ షాట్. చూసేవాళ్లు మొదటి బాదుడుకు చప్పట్లు కొడతారు. ఆట తేలేది మాత్రం ఇక్కడే. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ అమెరికన్ టూర్ షాట్లను లెక్కగట్టి 2014లో పుస్తకం తెచ్చారు. మేటి ఆటగాళ్ల ఆధిక్యంలో దాదాపు 40 శాతం అప్రోచ్‌లదే. తొలి దెబ్బల వాటా 28 శాతం, పటింగ్‌ది 15.

సగటు ఆటగాడి రోగం ఒకటే: బంతి పొట్టిగా పడుతుంది. జన్మకోసారి తగిలిన గొప్ప దెబ్బను తన మామూలు దూరమనుకోవడమే కారణం. మందు తేలిక. ఒక్కో క్లబ్‌తో పది బంతులు కొట్టండి. బాగా దూరం పోయిన రెండూ, మరీ దగ్గర పడిన రెండూ తీసేయండి. మిగిలిన ఆరింటి సగటే మీ అసలు దూరం. అదీ బంతి నేల తాకిన చోటు వరకే. దొర్లింది కలపొద్దు. వానాకాలం తడినేల మీద బంతి పడ్డచోటే ఆగుతుంది. ఎండిన నేలైతే ముందే దించి దొర్లనివ్వాలి.

రెండోది గురి. 150 గజాలు దాటితే అమెరికన్ టూర్ నిపుణుల బంతి కూడా సగటున జెండాకు పాతిక అడుగులకు పైనే ఆగుతుంది. మరి మనకు జెండా మీద పంతమెందుకు? గ్రీన్ నడిమధ్యకు కొట్టండి. రెండు క్లబ్‌ల మధ్య సందేహమొస్తే పెద్దది తీసుకుని నింపాదిగా ఊపండి. బంతిని పైకి ఎత్తబోవద్దు. బరువు ముందుకాలి మీదికి తెచ్చి ముందు బంతిని, తర్వాత మట్టిని తాకితే చాలు. లేపే పని క్లబ్ వాలు చూసుకుంటుంది.

కండబలం లేదని చిన్నబుచ్చుకునేవాళ్లు ఎస్‌ఎస్‌పీ చౌరాసియాను చూడాలి. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక సంరక్షించే ఉద్యోగి కొడుకు. ఆట అక్కడే చూసి నేర్చుకున్నారు. దూరం బాదేవాళ్లలో ఆయన పేరు వినపడదు. అయినా 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017లలో ఇండియన్ ఓపెన్ గెలిచారు.

గోల్ఫ్‌లోనూ బోగీ ఉంది. పార్ కన్నా ఒక దెబ్బ ఎక్కువైతే అదే పేరు. రైలుకు బోగీలెన్ని ఉంటే అంత గొప్ప. ఇక్కడ ఎన్ని విప్పేస్తే అంత.