యూరియా బారులు – మట్టిలోని ప్రాణము

2025వ సంవత్సరపు వానకాలమున తెలంగాణ రైతులు యూరియా బస్తా కొరకు తెల్లవారుజామునుండియే బారులు తీరిరి. కొన్నిచోట్ల మనిషికి మారుగా చెప్పులను, పాసుపుస్తకములను వరుసలో నుంచిరి. పొలముపైని గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. ఆ నత్రజని కొరకే రైతు దుకాణము ముంగిట నిలువవలసి వచ్చెను. ఈ చిక్కును సడలించు ఉపాయములలో ఒకటి మన కాళ్లక్రింది మట్టిలోనే యున్నది. దానినిగూర్చి కొన్ని మాటలు విన్నవింపదలచితిమి.

గాలిలోని నత్రజనిని పైరు నేరుగా గ్రహింపజాలదు. దానిని పైరునకు పనికివచ్చునట్లు మార్చు శక్తి కొన్ని సూక్ష్మజీవులకు గలదు. కంది, పెసర, వేరుసెనగ మొక్కలను పెఱికి చూచినచో వేళ్లకు బుడిపెలు కనబడును. అవి తెగులు కావు. రైజోబియమను సూక్ష్మజీవుల కాపురములు. మొక్క వానికి ఆహారము నిచ్చును, అవి మొక్కకు నత్రజని నిచ్చును. జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్తు అను శాస్త్రజ్ఞులు 1886-88 నడుమ ఈ సంగతిని నిరూపించిరి. పప్పుధాన్యము వేసిన చేను మఱుసటి పైరునకు బలమిచ్చునని మన పెద్దలెఱుగుదురు. దాని కారణమును శాస్త్రము తెలిపినది. బుడిపెను గోటితో చీల్చిన లోపల లేతయెఱుపు కనబడెనా, పని జరుగుచున్నదని గుర్తు. అట్లే మట్టిలో బిగిసియున్న భాస్వరమును కరిగించు సూక్ష్మజీవులు గలవు. వేరుకుళ్లు, ఎండుతెగుళ్లను అదుపుచేయు ట్రైకోడెర్మా అను శిలీంధ్రము గలదు.

అయితే ఈ జీవులకు కూడ కూడు కావలెను. వాని కూడు పెంట, ఆకు, కంప కుళ్లిన పదార్థము. ఓరుగల్లు సీమలో ఘనపురమను ఊళ్లు పెక్కు గలవు. వానిలో జనగామ జిల్లా లింగాలఘనపురం మండలమునకు చెందిన ఏనెబావి అను చిన్న పల్లె ఈ విషయమున మనకు పాఠము చెప్పుచున్నది. సుమారు 50 కుటుంబములు, 280 ఎకరముల సేద్యము గల ఆ పల్లెవారు ముందు పురుగుమందులను, పిదప రసాయనపు టెఱువులను విడనాడిరి. 2006లో తమది రసాయనములు లేని గ్రామమని ప్రకటించుకొనిరి. జనగామలోని క్రాప్స్ అను స్వచ్ఛంద సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రము వారికి తోడ్పడినవి. వారు చెఱువు మట్టిని తోలిరి. పెంటను, వానపాముల ఎఱువును, జీవామృతమును వాడిరి. ఇది ఒక పొట్లము చేసిన అద్భుతము కాదు; ఏండ్ల తరబడి మట్టికి కూడు పెట్టినందున కలిగిన ఫలము.

భూపాలపల్లి జిల్లాలోని ఘనపురమున కాకతీయులనాటి గణపసముద్రము నేటికిని నిలిచియున్నది. అట్టి చెఱువులలో వానతో కొట్టుకొనివచ్చిన మన చేల సారమే పూడికయై పేరుకొనుచున్నది. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ కాలమున పలువురు రైతులు సొంత ఖర్చుతో ఆ మట్టిని చేలకు తోలుకొనిరి. అది పోయిన ధనమును తిరిగి తెచ్చుకొనుటయే. కాని ఒక చేత మట్టి తోలి, మఱొక చేత పత్తికట్టెకు నిప్పు పెట్టుట ఏమి న్యాయము? ఆ నిప్పులో సూక్ష్మజీవుల కూడు బూడిదయగుచున్నది. నేలపైపొరలోని జీవులును మాడిపోవుచున్నవి.

తొందరపాటు కూడ తగదు. శ్రీలంక 2021లో రసాయనపు టెఱువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, పంటలు తగ్గగా, ఆ యేడే నవంబరులో వెనుకకు తగ్గినది. వరికి, మిరపకు వలసిన బలమంతయు సూక్ష్మజీవులే ఇచ్చునని మేము చెప్పుటలేదు. యూరియా మోతాదును మెల్లమెల్లగా తగ్గించుకొను త్రోవ ఇదియని మాత్రమే చెప్పుచున్నాము. పప్పుధాన్యపు చేనికి యూరియా అధికముగ చల్లినచో వేళ్లకు బుడిపెలే తగ్గునని రైతులు గుర్తింపవలెను.

ఇక అంగడి సంగతి. జీవన ఎఱువు ప్రాణమున్న సరకు. రేకుల కప్పు క్రింద వేసవి యెండకు మాడిన పొట్లములో మిగులునది పొడి మాత్రమే. ఎఱువుల నియంత్రణ ఉత్తర్వునందు 2006లో జీవన ఎఱువులను చేర్చి, రైజోబియపు పొడిలో గ్రాముకు కనీసము 5 కోట్ల సజీవకణములుండవలెనని నిర్ణయించిరి. రైతు కంటికి ఆ 5 కోట్లు కనబడునా? కాన పరీక్షించు భారము ప్రభుత్వముదే. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల దుకాణములనుండి విత్తు కాలమునకు ముందే నమూనాలు తీసి, ఫలితములను ఊరూర ప్రకటింపవలెను. చల్లని గిడ్డంగి లేనివారికి ఈ సరకు అమ్ముటకు అనుమతి యుండరాదు.

రైతు సోదరులు చేయవలసినది కొంత గలదు. పొట్లముపై గడువు తేదీని చూచి కొనుడు, నీడలో నుంచుడు, తెగులుమందుతో కలిపి విత్తునకు పట్టింపకుడు. 90 కిలోల పశువుల ఎఱువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మాను కలిపి, తడి ఆరకుండ నీడలో వారము దినములు మాగవేసి ఎకరమునకు చల్లుడు. పత్తికట్టెను తగులబెట్టక ముక్కలు చేసి నేలలో కలిపింపుడు. పది ఎకరముల ఆసామి ముందు ఒక ఎకరమున చేసి చూచినచో నష్టమేమి?

యూరియా ఓడలలో రావచ్చును, రాకపోవచ్చును. మట్టిలోని ప్రాణమును దిగుమతి చేసికొనజాలము. దానిని పోషించుకొన్న గ్రామమునకు బారులలో నిలుచు అగత్యము కొంతయైనను తగ్గునని మా విశ్వాసము.