కాదనే గైడే కావాలి

మొరాకోలోని ఎస్సౌయిరా ఊరికి దక్షిణాన, దియాబత్ గ్రామం పక్కనుంచి ఇసుక దిబ్బల మీదుగా అట్లాంటిక్ ఒడ్డుకు గుర్రాల మీద తీసుకెళ్తారు. అందరికీ గుర్తుండేది చివర్లో అలల పక్కన తీసే దౌడు. నన్నడిగితే డబ్బివ్వాల్సింది అంతకు ముందరి నెమ్మది నడకకి. దిబ్బల్లో ఇసుక పొడిగా, వదులుగా ఉంటుంది. గిట్ట దిగబడి, అడుగడుగునా కాలి కండరాలు లాగేస్తాయి. పోటు తగ్గాక బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది కాబట్టి పరుగుకి అదే చోటు. అది తెలిసిన గైడు సముద్రం వేళ చూసుకునే బయల్దేరతాడు. దిబ్బల మధ్య పరుగెత్తించమని మనం ఎంత బతిమాలినా ఒప్పుకోడు. బరువు సంగతీ అంతే: జీనుతో కలిపి మోసే బరువు గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని చాలామంది పాటించే లెక్క. అంటే 400 కిలోల గుర్రానికి 80 కిలోలు. పైగా ఎండ. గుర్రం కూడా మనలాగే చెమటోడ్చి ఒళ్లు చల్లార్చుకునే జీవి. అలిసిపోయానని నోరు విప్పి చెప్పలేదు, దాని తరఫున మాట్లాడాల్సింది గైడే. అందుకే, ఎక్కే ముందు మన బరువు అడిగేవాడినీ, జీను తీసి వీపు మీద పుండ్లు లేవని చూపించేవాడినీ నేను నమ్ముతాను, రేటు కాస్త ఎక్కువైనా సరే.