క్రియారూపాలంటే బట్టీ పట్టడమేనా?

రాత్రి స్టడీ అవర్లో మా హాస్టల్ వరండా నిండా వినిపించేది ఒకటే పాఠం: "గో, వెంట్, గాన్... సింగ్, శాంగ్, సంగ్." ఎందుకిలా మారుతుందని అడిగితే "అదంతే, బట్టీ పట్టండి" అన్న జవాబే మాకు దొరికింది. అదంతే కాదని, దాని వెనుక వేల ఏళ్ళ చరిత్ర ఉందని మేము ఆలస్యంగా తెలుసుకున్నాము.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుండి పుట్టి ఉంటాయని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ అన్నారు. 1816లో జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బాప్ ఆ భాషల క్రియారూపాలను పక్కపక్కన పెట్టి ఆ బంధుత్వాన్ని వివరంగా చూపించారు. "ఉన్నాడు" అనడానికి సంస్కృతంలో 'అస్తి', గ్రీకులో 'ఎస్తి', లాటిన్‌లో 'ఎస్ట్', ఇంగ్లీషులో 'ఈజ్'. "ఉన్నాను" అంటే సంస్కృతంలో 'అస్మి', ఇంగ్లీషులో 'ఆమ్'. చివరి 'మి' అరిగి అరిగి 'మ్'గా మిగిలింది. ఇక 'బి' మన పుస్తకాల్లోని 'భవతి'కి, 'వాజ్' 'వసతి'కి చుట్టాలు. మూడు ధాతువులు కలిసి ఒకే క్రియ అయ్యాయన్నమాట! 'వెంట్' కూడా 'వెండ్' అనే వేరే క్రియ నుండి తెచ్చుకున్నదే.

'సింగ్, శాంగ్'లలో అచ్చు మారడం ఆ మూలభాష నాటి పద్ధతి. చివర 'ఇడి' చేర్చడం తర్వాత జర్మానిక్ భాషల్లో పుట్టిన కొత్త పద్ధతి. మనం వంకర అనుకున్నదే పాతది. రోజూ జనం నోట్లో నానడం వల్ల అది నిలిచింది.

మన తెలుగు ఆ కుటుంబానిది కాదు, ద్రావిడ భాష. తెలుగు సంస్కృతం నుండి పుట్టలేదని ఎల్లిస్ దొర రాసినదీ 1816లోనే, మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణంలో. అయినా "వచ్చాను, వచ్చావు, వచ్చాడు" అని క్రియ చివర మనిషిని చూపడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఇంగ్లీషు అటువంటి ప్రత్యయాలను దాదాపు పోగొట్టుకుంది. 'హి గోస్' వంటి చోట ఒక్క 'ఎస్' మిగిలింది. ఆ 'ఎస్' మరిచిపోయామని మమ్మల్ని చూసి నవ్వేవారికి ఈ సంగతి తెలియాలి.

పట్టికలు వద్దని మేము అనడం లేదు. పట్టికతో పాటు ఒక్క పీరియడు ఈ కథ కూడా చెప్పమంటున్నాము. ఇంగ్లీషు భయంతో చదువు మానేసిన మిత్రులు మాకున్నారు. వారికి తెలివి లేక కాదు, కారణం చెప్పేవారు లేక. తమ్ముళ్ళారా, "ఎందుకు?" అని అడగడానికి సిగ్గుపడకండి!