విత్తనంలోని పిండి, బడిలోని తెలుగు



ఆకు రాకముందు మొలక ఏ ఆహారంతో పెరుగుతుంది? ఈ ప్రశ్న మీ పిల్లలను అడిగి చూడండి. మట్టిలోనుంచి అని చాలామంది బదులిస్తారు. అది సరికాదు. తడిగుడ్డలో మూటగట్టిన రాగులు మట్టి సోకకుండానే మొలకెత్తుతాయి. చీకటిలో ఉంచినా కొన్నాళ్లు పెరుగుతాయి. కనుక ఆ ఆహారం గింజలోనే ఉన్నదని తేలుతుంది.

అందులో అధికభాగం పిండిపదార్థమే. వరి, గోధుమ, జొన్న, రాగి వంటి ధాన్యాలలో అది అంకురచ్ఛదంలో నిలువ ఉంటుంది. అయితే పిండి నీటిలో కరగదు. ఉన్నది ఉన్నట్లుగా మొలకకు అందదు. గింజ నీరు పీల్చుకొన్న తరువాత అందులోని పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోనును పంపుతుంది. అది అంకురచ్ఛదం చుట్టూ ఉన్న ఆల్యూరోన్ పొరను చేరి అమైలేజ్ వంటి ఎంజైములను తయారుచేయిస్తుంది. అవి పిండిని చక్కెరలుగా విడగొడతాయి. ఆ చక్కెరలను స్కుటెల్లం అనే బీజదళం పీల్చుకొని, పెరిగే వేరుకూ మొలకకూ అందిస్తుంది. పిండాన్ని తొలగించిన బార్లీ గింజకు జిబ్బరెల్లిన్ ఇస్తే చాలు, పిండి కరగడం మొదలవుతుందని 1960లో జపానులో యోమో, ఆస్ట్రేలియాలో పాలెగ్ వేర్వేరుగా నిరూపించారు.

"శాస్త్రం తెలుగులో చెప్పడం సాధ్యమా?" అని అడిగే తల్లిదండ్రులకు ఒక మనవి. పై పేరాను మీరు తెలుగులోనే చదివారు. జిబ్బరెల్లిన్, అమైలేజ్ అనే పేర్లు ఏ భాషలోనైనా దాదాపు అవే. మిగిలిన ఆలోచనంతా మన మాటల్లోనే సాగింది.

తప్పు మన ఉపాధ్యాయులలోనూ ఉన్నది. అంకురచ్ఛదం అనే మాటతో పాఠం మొదలుపెట్టి, నిర్వచనం బట్టీ పట్టించి, బొమ్మకు పేర్లు పెట్టించి ముగిస్తున్నాము. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే పిల్లవాడికి ఆ మాట మరొక పరభాషగా తోస్తుంది. ఆ పిల్లవాడే వడ్లు నానబెట్టి మండె కట్టడం చూసి ఉంటాడు. కోలారు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు ఇళ్లలో రాగులు మొలకట్టించి ఎండబెట్టి విసరడం తల్లులకు తెలిసిన పనే. ఆ పిండితో కాచిన జావ మామూలు జావకన్న పలుచగా, కాస్త తియ్యగా ఎందుకుంటుందో అడగండి. పిండి చక్కెరగా మారుతున్నదన్న సంగతి పిల్లల నోటినుంచే వస్తుంది. పారిభాషిక పదం అప్పుడు చెప్పండి, చెప్పడం మానవద్దు. తెలిసిన విషయానికి పేరు దొరికితే పిల్లలు దాన్ని మరచిపోరు.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా అది చేరింది. కానీ తరగతిలో పిల్లలే లేకపోతే ఏ అధికరణమూ తెలుగు బడిని నిలబెట్టలేదు. పిల్లలను పంపవలసినవారు తల్లిదండ్రులు. పంపినందుకు వారు చింతించకుండా బోధించవలసినవారము మనము.

రాష్ట్ర భాష, ఇంగ్లీషు వద్దని నేను అనను. గింజలోని పిండి ఎల్లకాలం ఉండదు. పచ్చని ఆకు విచ్చాక మొక్క తన ఆహారం తానే తయారుచేసుకోవాలి. అయితే మరీ లోతుగా నాటిన గింజ వెలుగు చేరకముందే తన నిలువను ఖర్చుచేసుకొని నశిస్తుంది. ఇంటిభాషలో ఆలోచించడం అలవడకముందే పిల్లలను తెలియని భాషలో దించడం అటువంటిదేనని నా అభిప్రాయం.

ఈ వారమే ఒక పని చేయండి. నానబెట్టిన మొక్కజొన్న గింజను నిలువుగా కోయించి అయోడిన్ చుక్క వేయించండి. పిండి ఉన్నచోట నీలినలుపు రంగు వస్తుంది. బాగా మొలకెత్తిన గింజనూ అట్లే కోయించి, పిండి తరిగినచోట రంగు ఎట్లా తగ్గిందో పోల్చమనండి. చూసినదాన్ని పిల్లలచేత తమ మాటల్లో నాలుగు వాక్యాలు రాయించండి. తల్లిదండ్రులారా, ఆ నాలుగు వాక్యాలు చదివిన తరువాత తెలుగు బడి సంగతి నిర్ణయించండి.