'రేపు రా' అని నాకు నేనే రాసుకున్న

చిన్నప్పుడు మా ఊళ్ళో పాత గోడల మీద రంగు వెలిసిపోయిన అక్షరాలు ఉండేవి: 'ఓ స్త్రీ రేపు రా'. దయ్యం వస్తదట, గోడ మీద రాసింది చదువుకుంటదట, సరేలే అని వెనక్కి పోతదట. తెల్లారి మళ్ళీ వస్తే మళ్ళీ అదే రాత. చదువొచ్చిన దయ్యాలకే పనిచేసే ఉపాయం ఇది అని నవ్వుకునేవాళ్ళం.

ఇప్పుడు ఫోన్‌లో నా నోట్స్ తెరిస్తే ఆ నవ్వు రాదు. చదువొచ్చిన ఆ దయ్యాన్ని నేనే. జిమ్, రేపు. డ్రైవింగ్ లైసెన్స్, రేపు. అన్నిటికంటే పైన, మూడేండ్ల నుంచి పిన్ చేసి పెట్టుకున్న లైన్ ఒకటి: 'అమ్మ యాప్'.

మాది ఉమ్మడి నల్గొండ జిల్లా, రామన్నపేట వైపు ఊరు. అమ్మకు చిన్న కిరాణా కొట్టు. ఉద్దెర లెక్కలన్నీ పొడుగు నోట్‌బుక్‌లో. ఉద్యోగం వచ్చిన కొత్తల్లో ఒక ఆదివారం గొప్పగా చెప్పిన, "అమ్మా, నీ లెక్కలకు నేను యాప్ చేసిస్త" అని. రెడీమేడ్ యాప్‌లు లేవా అంటే బోలెడున్నయ్. కానీ వాటిలో ముందు ఫోన్ నెంబర్ అడుగుతరు. మా అమ్మ ఖాతాలో నెంబర్లు ఉండవు, 'బోరింగు కాడి ఎల్లయ్య', 'మూడో కోడలు' అని ఉంటయ్.

ఈ మూడేండ్లలో నేనేం చేసిన్నో చెప్తా, నవ్వకండి. యాప్‌కు పేరు పెట్టిన. రెండు లోగోలు గీసిన. డొమైన్ కొన్న, అది ఎక్స్‌పైర్ అయితే మళ్ళీ కొన్న. ఏ ఫ్రేమ్‌వర్క్ మంచిదని రూమ్మేట్‌తో ఒక రాత్రంతా కొట్లాడిన. ఒక్క ఎంట్రీ తీసుకునే స్క్రీన్ మాత్రం రాయలేదు.

మొన్న దసరాకు ఇంటికి పోతే అమ్మ ముఖం బాగాలేదు. ఏందంటే చెప్పదు. నాన్న చెప్పిండు. ఒకాయన బాకీ కట్టేసిన ఆరు వందలను అమ్మ కొట్టెయ్యడం మరిచి మళ్ళీ అడిగిందట. ఆయన కొట్టు ముందర నలుగురిలో గట్టిగా అరిచిండట. తప్పు అమ్మదే, కండ్లు సరిగ్గా ఆనక పక్క లైన్ కొట్టేసింది. "ముప్పై ఏండ్ల కొట్టు బిడ్డా, ఒక్కనాడు మాట పడలే" అన్నది రాత్రి. తర్వాత మామూలుగనే, "ఇంతకీ ఏమాయె నీ యాప్?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగనే అడిగింది. అందుకే ఎక్కువ కుచ్చుకుంది.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది చింతకింది మల్లేశం గారు. మా జిల్లాలో ఆ పేరు తెలియనోళ్ళు తక్కువ. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. ప్రియదర్శి హీరోగా 2019లో వచ్చిన 'మల్లేశం' సినిమా చాలామంది చూసే ఉంటరు. సినిమాలో కన్నీళ్ళు పెట్టించేది తల్లి భుజం నొప్పి. నాకు ఈసారి పట్టుకున్నది ఆ పని జరిగిన తీరు.

పోచంపల్లి చీర మీద డిజైన్ మగ్గం మీద పుట్టదు. రంగు ముందే దారం మీదికి రావాలె. దానికంటే ముందు దారాన్ని ఒక చివర ఉన్న మేకు నుంచి, ఎదురుగా అర్ధచంద్రంలా ఉన్న మేకుల వరుసకు ఒక్కొక్కదానికి చుట్టుకుంటూ, ముందుకూ వెనక్కూ పోసుకుంటూ పోవాలె. దాన్నే ఆసు పోయడం అంటరు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలె. ఇంట్లో ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. మల్లేశం వాళ్ళమ్మ లక్ష్మి గారు అదే చేసేవారు.

ఆరో తరగతిలోనే బడి మానేసిన ఆ కొడుకు 1992లో మిషన్ చేస్తనని మొదలుపెట్టిండు. ఇంజనీరింగ్ చదవలేదు, చేతిలో పూర్తి డిజైన్ లేదు. చేతిలో ఎంత డబ్బుంటే అంత ముక్క చేసుకుంటూ పోయిండు. చాలా భాగం అయ్యాక దారాన్ని మేకు చుట్టూ తిప్పే చివరి కదలిక దగ్గర ఆగిపోయింది. అప్పులు, చుట్టాల మాటలు. వదిలేసి హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేసుకున్నడు. 1999లో బాలానగర్‌లో పనికి పోయిన చోట ఒక మిషన్ కదలిక చూస్తుంటే ఇన్నేండ్లు దొరకని ముక్క దొరికింది. అదే 'లక్ష్మి ఆసు యంత్రం'. 2017లో పద్మశ్రీ ఇచ్చిండ్రు.

ఇక్కడ నాకో డౌట్ వచ్చింది. ఏడేండ్లు పట్టింది కదా, నాది మూడేండ్లే, మరి నేనెందుకు సిగ్గుపడాలె? ఆలోచిస్తే తేడా కనపడింది. ఆయన ఆగిపోయిన చోటు ఆయనకు తెలుసు, ఫలానా కదలిక దొరకలేదని. బాలానగర్‌లో చూడంగనే పట్టుకోగలిగింది అందుకే. నేను ఎక్కడ ఆగిపోయిన్నో నాకే తెలియదు, ఎందుకంటే అంతవరకు పోనేలేదు.

టిమోతీ పిచిల్, ఫ్యూషా సిరోయిస్ అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు 2013లో ఒక పేపర్ రాసిండ్రు. పనిని వాయిదా వేయడం టైమ్ సరిపోకనే కాదట, ఆ పని తలుచుకోంగనే వచ్చే చెడ్డ ఫీలింగ్ నుంచి తప్పించుకోవడానికట. నా విషయంలో అక్షరాలా నిజం. లోగో గీస్తే హాయిగా ఉంటది. స్క్రీన్ రాస్తే అది అమ్మకు నచ్చకపోవచ్చు. ఇంజనీర్ కొడుకు చేసింది నోట్‌బుక్ కంటే అధ్వాన్నంగా ఉందని తేలిపోవచ్చు. నా భయం అది. సోమరితనం అని తిట్టుకుంటే సరిపోదు. అయినా సోమరితనం అసలే లేదని కూడా అనను.

పీటర్ గోల్‌విట్జర్ అనే ఇంకో సైకాలజిస్ట్ 1999లో చెప్పిన చిట్కా ఒకటుంది. 'చేస్త' అనుకోవడం కాదు, 'ఫలానా అప్పుడు, ఫలానా చోట, ఫలానాది చేస్త' అని ముందే కట్టుకోవాలె. నేను ఇట్ల కట్టుకున్న: రాత్రి ప్లేట్ కడిగి పెట్టంగనే ల్యాప్‌టాప్ తీయాలె, ఒక్క స్క్రీన్, 25 నిమిషాలు. పేరు, ఎంత, ఇచ్చిండా తీసుకుండా. లాగిన్ లేదు, లోగో లేదు. పదకొండు రాత్రుల్లో అయిపోయింది. మధ్యలో రెండు రాత్రులు ప్లేట్ కడగకుండా తప్పించుకున్న, అది వేరే కథ.

పోయిన శనివారం ఫోన్ తీసుకుని ఊరికి పోయిన. అక్షరాలు పెద్దగా పెట్టిన, మాట్లాడితే రాసుకునేటట్టు చేసిన. అమ్మ ఫోన్‌ను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది.

"మంచిగనే ఉంది గని, నాకు అగుపడాలె కదా."

"కండ్ల డాక్టర్ శుక్లం అన్నడు కదమ్మా, ఆపరేషన్ ఎప్పుడు?"

"సంక్రాంతి పోనియ్యి బిడ్డా. గిరాకి ఉంటది."

పోయిన సంక్రాంతికి ముందు కూడా ఇదే మాట. నేను ఏమనలేదు, ఏ ముఖంతో అంటా? యాప్‌లో మొదటి ఎంట్రీ తనతోనే చెప్పించిన: బోరింగు కాడి ఎల్లయ్య, నూట నలభై, ఉద్దెర. తర్వాత అక్కడే కూర్చుని హాస్పిటల్‌కు ఫోన్ చేసిన. వచ్చే మంగళవారం పొద్దున పది గంటలకు రమ్మన్నరు. లీవ్ పెట్టిన. కొట్టులో నాన్న కూసుంటడు, యాప్ వాడడం ఆయనకు నేర్పింది అమ్మనే.