ఒక్క సంతకం

మాకు తెనాలి దగ్గర 3 ఎకరాలుంది. ఉందంటే కాగితాల మీద ఉందని. నేను హైదరాబాద్ లో కోడ్ రాసుకుంటున్నా, నాన్న రిటైరై గుంటూరులో ఉంటున్నారు. పొలంలో దిగి చేసేది ఒక కౌలు రైతు. పదిహేనేళ్ళుగా ఆయనే. నేను బాబాయ్ అని పిలుస్తా.

2023 డిసెంబర్ లో మిచౌంగ్ తుఫానుకి కోతకొచ్చిన వరి నీళ్ళపాలైంది. ఎరువులు, కూలి ఖర్చులు బాబాయ్ వి. వడ్డీకి తెచ్చిన అప్పూ ఆయనదే. పంటనష్టం డబ్బులు మాత్రం మా నాన్న ఖాతాలో పడ్డాయి! ప్రభుత్వం లెక్కలో రైతు మా నాన్నే కదా మరి. నాన్న ఆ డబ్బు ఆయనకిచ్చేశారు లెండి. ఇవ్వకపోతే? అడగడానికి ఆయన చేతిలో ఒక్క కాగితం ముక్క లేదు. మా మంచితనం మీద బతకాలన్నమాట.

మొన్న సంక్రాంతికి వెళ్తే బాబాయ్ నసుగుతూ అడిగాడు, "కార్డుకి నాన్నగారి చేత ఓ సంతకం పెట్టించు బాబూ" అని. ఇంట్లో చెప్తే నాన్న ఒక్కటే మాట: "సంతకం పెడితే పొలం పోయినట్టేరా."

ఈ భయం ఊరికే రాలేదు. ఆంధ్ర ప్రాంతానికి 1956 లో కౌలు చట్టం వచ్చింది. 1974 సవరణతో కౌలు కనీసం ఆరేళ్ళు ఉండాలన్నారు, పొలం అమ్మితే ముందు కౌలుదారుకే అవకాశం ఇవ్వాలన్నారు. కౌలుదారుని కాపాడటానికి రాసిన చట్టమే. కానీ ఏం జరిగింది? అసలు కౌలుని కాగితం మీద పెట్టడమే మానేశారు మనవాళ్ళు. అంతా నోటిమాటే.

2019 లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఈ భయం పోగొట్టాలని చూసింది. ఒప్పందం 11 నెలలే. యజమాని హక్కుకి ఏమీ కాదు. కార్డుంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు. అంతా బానే ఉంది గానీ, యజమాని సంతకం లేనిదే కార్డు రాదు. 2011 చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డులకి ఈ షరతు లేదు. అంటే ఎవరి భయం వల్ల ఈ సమస్య వచ్చిందో, తాళం మళ్ళీ వాళ్ళ చేతికే ఇచ్చారు.

పశ్చిమ బెంగాల్ లో 1978 లో ఆపరేషన్ బర్గా మొదలుపెట్టినప్పుడు ఇలా చెయ్యలేదు. అధికారులే ఊళ్ళకెళ్ళి, సాయంత్రాలు పొలం చేసేవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరు ఏ చెక్క చేస్తున్నారో అందరి ముందూ అడిగి రాసుకున్నారు. యజమాని దయ అక్కర్లేదు, ఊరి సాక్ష్యం చాలు. అలా దాదాపు 14 లక్షల మంది పేర్లు రికార్డుకెక్కాయి. తర్వాత దిగుబడి కూడా పెరిగిందని అభిజిత్ బెనర్జీ, ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు 2002 లో రాశారు. అక్కడ పంటలో వాటా, మన దగ్గర ఎక్కువగా ఇన్ని బస్తాలని మక్తా. కాబట్టి మక్కీకి మక్కీ దించెయ్యమని నేననను. కానీ ఎవరు సాగు చేస్తున్నారో ఊరినే అడగొచ్చుగా? మా ఊళ్ళో చిన్న పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు.

"మరి మా పొలం కబ్జా చేస్తే?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. హక్కు ఎవరిదో ఒక రికార్డు, ఈ ఏడు సాగు ఎవరిదో ఇంకో రికార్డు. రెంటినీ కలపకుండా ఉంచడం మనకి తెలియని విద్యా? రోజూ ఆఫీసులో చేసే పనేగా!

చట్టం మారేవరకూ మన చేతిలో ఉన్నది సంతకమే. మనలో చాలామందికి ఊళ్ళో ఎంతో కొంత పొలం ఉంది. రైతుల గురించి బాధపడుతూ మెయిళ్ళు ఫార్వర్డ్ చేసేవాళ్ళమే, మన పొలం చేసే మనిషికి మాత్రం కాగితం ఇవ్వం. నేనూ అంతే, ఇన్నేళ్ళూ పట్టించుకోలేదు.

ఆ 11 నెలల సంగతి నాన్నకి చదివి వినిపించా. "చూద్దాంలే" అన్నారు. మా ఇంట్లో ఆ మాటకి సగం ఒప్పుకున్నట్టు లెక్క. మిగతా సగం నారుమళ్ళు పొయ్యకముందే ఒప్పించాలి.

మీ పొలం ఎవరు చేస్తున్నారు? వాళ్ళ దగ్గర కాగితం ఉందా?