వుజూ నీరు ఎక్కడికి పోతోంది?

ప్రతి నమాజుకు ముందు వుజూ చేస్తాం. చేతులు, నోరు, ముక్కు, ముఖం, పాదాలు శుభ్రపడతాయి. ఆ నీరు మస్జిదు వెనుక మోరీలోకి, అక్కడి నుంచి నాలాలోకి పోతుంది. హైదరాబాదులోనైతే చివరికి మూసీలో కలుస్తుంది. శుచిత్వాన్ని విశ్వాసంలో సగభాగంగా ఎంచిన ధర్మం మనది. ఆ సగభాగం మస్జిదు గడప దాటి బయటికి రావడం లేదెందుకని?

కాలుష్యాలు నాలుగు రకాలని, అవి గాలి, నీరు, నేల, శబ్దమని బడిపిల్లలు కంఠతా పడతారు. పరీక్ష రాశాక మరచిపోతారు. పెద్దలమైన మనం కూడా దాన్ని ప్రభుత్వం చూసుకోవలసిన పనిగానో, చదువుకున్నవారి చర్చగానో వదిలేశాం. దీనికి దీన్‌తో ఏం సంబంధమని అడిగేవారూ ఉన్నారు. సంబంధం ఉంది. దాని పేరు హుఖూఖుల్ ఇబాద్, అంటే తోటి మానవుల హక్కులు. అల్లాహ్ పట్ల దాసుడు చేసిన లోపాన్ని ఆయన తన కారుణ్యంతో మన్నించవచ్చు. కాని తోటి మనిషికి చేసిన అన్యాయం విషయంలో ఆ మనిషి హక్కు అతనికి చెల్లించాలి, లేదా అతనే క్షమించాలి. ఉలమాలు పదే పదే చెప్పే మాటే ఇది. అప్పుల గురించి, ఆస్తి పంపకాల గురించి, చాడీల గురించి మాట్లాడేటప్పుడు ఇది మనకు గుర్తొస్తుంది. మోరీ దగ్గర మాత్రం గుర్తు రాదు. అప్పిచ్చినవాణ్ణి వెతికి పట్టుకుని బాకీ తీర్చవచ్చు. మనం వదిలిన మురికి వల్ల యాభై మైళ్ల దిగువన జబ్బుపడిన మనిషిని ఎక్కడని వెతుకుతాం? ఏ పేరుతో పిలిచి క్షమాపణ అడుగుతాం?

మూసీ సంగతే చూడండి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన ఏరు అది. 1908 సెప్టెంబరులో ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. వరదను ఆపడానికీ, నగరానికి మంచినీళ్లివ్వడానికీ 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ జలాశయాల దిగువకు వచ్చేసరికి మూసీ నగరపు మురుగు మోసే కాలువగా మారింది. నగరం దాటాక కూడా దాని కథ ముగియదు. ఆ నీటితోనే పశువులకు గడ్డి పెంచుతారు, కూరగాయలు పండిస్తారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలూ, ఆ నీటితో పండిన ఆకుకూరా మళ్లీ నగరానికే వస్తాయి. పొద్దున్నే మనం తాగే చాయ్‌లోని పాలు ఎక్కడివో ఎవరు చెప్పగలరు? మిగిలిన నీరు నల్లగొండ జిల్లా మీదుగా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ ఒడ్డున ఉన్నవారు ఏ మతంవారన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. పొరుగువారి హక్కుకు మతం అడ్డురాదు.

మన పూర్వీకులు నీటిని ఎలా చూశారో ఒకసారి తలచుకుందాం. మదీనాలో నీటికి కటకటగా ఉన్న రోజుల్లో హజ్రత్ ఉస్మాన్ (ర) రూమా బావిని సొంత ధనంతో కొని ప్రజలకు వదిలేశారు. మన హుసేన్‌సాగర్ 1562లో ఇబ్రహీం ఖులీ ఖుతుబ్‌షా కాలంలో హుసేన్ షా వలీ పర్యవేక్షణలో రూపుదిద్దుకుంది. చెరువు తవ్వించడం సదఖా జారియా. తవ్వించినవాడు మరణించినా పుణ్యం పారుతూనే ఉంటుంది. మరి ఆ చెరువును పాడుచేసినవాడి మాటేమిటి? వాడు పోయాక కూడా ఆ విషం పారుతూనే ఉంటుంది కదా! కూకట్‌పల్లి నాలా ఏళ్ల తరబడి హుసేన్‌సాగర్‌లోకి ఏం మోసుకొచ్చిందో ఆ ఒడ్డున ముక్కు మూసుకుని నడిచినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇరవై ఒక్క కమానుల ఆనకట్ట గల మీర్ ఆలం చెరువు ఒకప్పుడు నగరానికి మంచినీళ్లిచ్చింది. దాని దాపునే ఈద్గా ఉంది. ఏటా రెండు పండుగలకు వేలాది మంది కొత్త బట్టలతో, అత్తరు పూసుకుని అక్కడికి వెళ్తారు. మురుగు చేరిన ఆ చెరువు గురించి ఎందరం ఆలోచించాం?

దైవప్రవక్త ముహమ్మద్ (స) నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేయవద్దని వారించారు. దారుల్లో, జనం సేదతీరే నీడల్లో, నీటి రేవుల్లో మలవిసర్జన చేయడాన్ని శాపగ్రస్తమైన పనిగా హెచ్చరించారు. దారిలోని ముల్లును తొలగించడాన్ని దానధర్మాలలో చేర్చారు. ఆ కాలంలో కార్ఖానాలు లేవు, ప్లాస్టిక్ లేదు. అయినా సూత్రం స్పష్టం. పదిమందికి చెందిన దాన్ని ఒక్కడు చెడగొట్టరాదు.

ఈ సూత్రాన్ని బస్తీ జనానికి మాత్రమే బోధించి ఊరుకుంటే అది న్యాయం కాదు. చెత్త ఎక్కడ పడితే అక్కడ వేయకండని పేదలకు చెప్పేవారు ఫ్యాక్టరీ గేటు ముందు గొంతు తగ్గిస్తారు. పటాన్‌చెరు వద్ద సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో వివరాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికంటే ఇది ఎక్కువ! ఇలాంటి నీటిలో బతికి బట్టకట్టిన క్రిములకు ఆ మందు ఇక లొంగదీసే మందు కాదు. రేపు మన ఇంట్లో బిడ్డకు జ్వరం వస్తే డాక్టరు రాసిన మాత్ర పనిచేయకపోవచ్చు. గాలి సంగతి చెప్పడానికి 1984 డిసెంబరు నాటి భోపాల్, 2020 మే నెలలో విశాఖలో స్టైరీన్ లీకు చాలు. రెండు చోట్లా గోడ పక్కన నివసించినవారే బలయ్యారు.

మన ఇంటిని కూడా సరిచూసుకోవాలి. అజాన్ కొద్ది నిమిషాలది. రాత్రి రెండింటి దాకా జల్సాల మైకులు, పెళ్లి ఊరేగింపుల బ్యాండు సంగతి వేరు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు కూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. రోగులు, పరీక్షలకు చదువుకునే పిల్లలు ఫిర్యాదు చేయలేక ఊరుకుంటే అది వారి అంగీకారం కాదు.

మస్జిదు కమిటీలు తలచుకుంటే చేయగల పనులు చాలానే ఉన్నాయి. ప్రవక్త (స) ఒక ముద్, అంటే దాదాపు లీటరు లోపు నీటితో వుజూ ముగించేవారు. మన కొళాయిలు కట్టేలోపు బకెట్టు నిండుతుంది. వుజూ నీటిలో మరుగుదొడ్డి మురికి ఉండదు. పైపును వేరుచేసి ఇంకుడు గుంతకో, ఆవరణలోని చెట్లకో మళ్లించవచ్చు. బక్రీదు రోజున పేగులు, రక్తం, చర్మం వీధిలోనో నాలాలోనో పడకుండా గల్లీకొక చోటు ముందే నిర్ణయించి, మునిసిపాలిటీ బండి వచ్చే వేళను జుమా నాడే ప్రకటించవచ్చు. కుర్రవాళ్లు పదిమంది నిలబడితే సాయంత్రానికి వీధి కడిగేయవచ్చు. గల్లీలో పొంగే మ్యాన్‌హోలు గురించీ, నాలాలోకి కార్ఖానా వదిలే రంగునీళ్ల గురించీ కమిటీ లెటర్‌హెడ్ మీద కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకుని, నెలకోసారి వెళ్లి అడగవచ్చు. వీటికయ్యే ఖర్చుకు మైకు సెట్టు మరమ్మతుకని వసూలు చేసే చందా సరిపోతుంది.